అయిదో మాట

సెప్టెంబరు 23, ఆదివారం

నా తలకేమీ కాలేదు. ఆ సంగతి రుజువు చెయ్యడానికే ఈ పుస్తకం. రోజూ నాలుగు ముక్కలు రాసి, సీజను అయిపోయాక తీసుకెళ్ళి డెల్ బాబాయ్ ముందు పడేస్తాను.

నిన్న మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో, మూడో క్వార్టర్లో ఎవడిదో మోకాలు నా హెల్మెట్‌కి తగిలింది. అంతే. లేచి నా కాళ్ళ మీద నేనే బెంచీ దాకా నడిచాను. అది అవతలి జట్టు బెంచీ అట. ఏం, రెండు బెంచీలూ ఒకలాగే ఉంటాయి. దానికి డెల్ బాబాయ్ పరిగెత్తుకొచ్చి, నా భుజాలు పట్టుకుని మావైపు తిప్పాడు. పాతికేళ్ళుగా ఈ జట్టు బెణుకులకీ పగుళ్ళకీ కట్లు కడుతున్న మనిషి, చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే కంగారు.

"అయిదు మాటలు చెబుతాను. కాసేపాగి అడుగుతాను, అప్పజెప్పు" అన్నాడు.

గొడుగు, వంతెన, నిమ్మకాయ, గుర్రం, కొవ్వొత్తి.

పది నిమిషాలాగి అడిగితే గడగడా చెప్పాను. "పాసా బాబాయ్?" అన్నాను. "నువ్వెప్పుడు ఫెయిలయ్యావురా ప్రొఫెసరూ!" అన్నాడు. నాలుగో క్వార్టర్ ఆడాను. గెలిచాం కూడా.

ఆయన అన్న ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ఎందుకో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

సెప్టెంబరు 24

గొడుగు, వంతెన, నిమ్మకాయ, గుర్రం, కొవ్వొత్తి. చూసుకో బాబాయ్.

సెప్టెంబరు 30, ఆదివారం

మళ్ళీ గెలిచాం. నాలుగుకి నాలుగు.

చదువులోనూ ఆటలోనూ దేశం మొత్తానికీ మొనగాడని ఏటా ఒకడికి బహుమతి ఇస్తారు. దానికి మావాళ్ళు నా పేరు పంపారు. యూనివర్సిటీ ప్రచారం ఆఫీసు ప్రిసిల్లా నా 'జీవితం, ఆట' అంటూ ఒక పేజీ రాసుకొచ్చింది. ఇరవై రెండేళ్ళవాడికి జీవితమేంటి, నా బొంద. "లూసియానాలో రొయ్యల పడవ నడిపే తండ్రికీ, బడిలో వంట చేసే తల్లికీ పుట్టిన ఆంబ్రోస్ లాజార్డ్, తొమ్మిదో ఏట బంతి పట్టాడు" అని మొదలు. తండ్రి పోయి పదేళ్ళయిన సంగతి లేదు. బడి పిల్లలకి లెక్కల పోటీ అని తెలిసి, అమ్మ గరిటె పక్కన పెట్టేసి నన్ను నలభై మైళ్ళు తీసుకెళ్ళిన సంగతీ లేదు.

"బంతి పట్టేవాణ్ణి కాదమ్మా, వెనక్కి ఇచ్చేవాణ్ణి" అన్నాను. "సెంటర్ అంటే అదే. అవతలివాళ్ళు ఎలా నించున్నారో చూసి, ఎవణ్ణి ఎవరు ఆపాలో మా వరసలో నలుగురికీ కోడ్ మాటల్లో అరిచి చెప్పాలి. బంతి వెనక్కి ఇవ్వాలి. ఇచ్చి, ఎదురుగా ఉన్న నూట నలభై కిలోల మనిషిని తలతో గుద్దాలి. అన్నీ నాలుగు సెకన్లలో. టీవీలో మా మొహం ఎవరికీ కనిపించదు. వెనక భాగం మాత్రం దేశమంతా చూస్తుంది."

నవ్వింది గానీ రాసుకోలేదు. పోతూ పోతూ, "పరీక్షల్లో ఎప్పుడైనా తప్పారా?" అని అడిగింది.

"ఒక్కటీ లేదు" అన్నాను. అది మాత్రం రాసుకుంది.

అక్టోబరు 4

మా లెక్కల ప్రొఫెసర్ ఓస్టర్‌హౌట్ నా థీసిస్ బోర్డు మీద చెప్పమంది. ఆరు నెలలు నేనే పెంచిన లెక్క, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మూడో మెట్టు దగ్గర చాక్‌పీసు ఆగింది. ఒక నిమిషం ఆగిందనుకున్నాను. ఆరు నిమిషాలట. ఆవిడకి గడియారం చూడటం తప్ప పనిలేదు.

"ఆంబ్రోస్, కూర్చో. లోపల ఎండేమీ లేదు కదా, ఆ నల్లద్దాలెందుకు?"

"ట్యూబ్‌లైటు పడటం లేదు మేడమ్."

"ఎప్పట్నించి?"

"మీ ట్యూబ్‌లైటు పాతబడినప్పట్నించి."

క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆవిడ నవ్వకపోతే నాకేం? ప్రతివాడికీ ఒక చెడ్డ రోజు ఉంటుంది.

అక్టోబరు 9

ఇవాళ వెండెల్‌ని చూసి నవ్వలేక చచ్చాను. నాలుగేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాం, మైదానంలో నా ఎడమ పక్క వాడే. పొద్దున భోజనాల హాల్లో పదకొండు అట్లు పేర్చుకుని, పైన పాకం పోసుకుని, మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే కుర్చీ విరిగి కూలబడ్డాడు. ప్లేటు మాత్రం చేతిలో అలాగే నిలబడి ఉంది. "ఒక్క అట్టు కింద పడలేదు, చూశావా!" అంటాడు కింద నుంచే.

అక్టోబరు 11

ఇవాళ వెండెల్‌ని చూసి నవ్వలేక చచ్చాను. పొద్దున భోజనాల హాల్లో పన్నెండు అట్లు పేర్చుకుని, పాకం పోసుకుని, మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే కుర్చీ విరిగి కూలబడ్డాడు. ప్లేటు చేతిలోనే ఉంది. "ఒక్క అట్టు కింద పడలేదు, చూశావా!" అన్నాడు కింద నుంచి.

అక్టోబరు 12

గొడుగు, వంతెన, గుర్రం, కొవ్వొత్తి, నారింజ. కాదు, నిమ్మకాయ. రెండూ పుల్లనివే కదా.

అక్టోబరు 21, ఆదివారం

బహుమతి నాకే! ఉత్తరం వచ్చింది. సీనియర్ల రోజుకి ముందు రోజు, శుక్రవారం విందులో ఇస్తారట. కోచ్ బ్రానిగన్ నన్ను ఎత్తి తిప్పబోయి నడుము పట్టేసుకున్నాడు.

అమ్మకి ఫోను చేశాను. సంతోషం సంతోషంగానే ఉంది గానీ, మధ్యలో ఆగి, "ఏరా కన్నా, మొన్న నా పుట్టినరోజుకి ఫోను చెయ్యలేదేం? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి" అంది.

"ప్రాక్టీసు అమ్మా."

"ఆ కోచ్‌కి అమ్మ లేదా?"

"ఉంటే ఇలా ఉంటాడా?"

నవ్వింది. సీనియర్ల రోజుకి బస్సులో వస్తోంది. మా ఊళ్ళో చివరి ఆట అది. ఆఖరి ఏడాదివాళ్ళని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారు, తల్లి చెయ్యి పట్టుకుని మైదానం మధ్య దాకా నడవాలి, కోచ్ తల్లికి పువ్వు ఇస్తాడు. ఆ నడక కోసం అమ్మ అప్పుడే టోపీ కొనేసింది. ఎర్రది.

తలనొప్పి పొద్దున్నుంచీ. గెలిచినవాడికి ఆ మాత్రం నొప్పి ఉంటుంది.

నవంబరు 4, ఆదివారం

ఓడిపోయాం. మొదటి క్వార్టర్లో తలా తలా తగిలింది, పడ్డాను, లేచాను. ఎవరికీ చెప్పలేదు. రెండో సగంలో నేను అరిచిన కోడ్ పోయిన వారం ఆడిన జట్టు కోసం తయారుచేసుకున్నదట. నలుగురూ నా మాట నమ్మి ఎడమకి పోయారు. కుడి పక్క నుంచి ఒకడు తిన్నగా వచ్చి, నా వెనక బంతి అందుకునే క్వార్టర్‌బ్యాక్ కేసీని పడుకోబెట్టాడు. కేసీకి రెండు పక్కటెముకలు పోయాయి.

వెండెల్ నా హెల్మెట్ జాలీ పట్టుకుని ఊపాడు. "నీకేమైందిరా! అది పోయిన వారం కోడ్!"

"నీ చెవులకి ఏమైందో చూసుకో" అన్నాను.

నలుగురూ ఒకేసారి చెవిటివాళ్ళవుతారా అని వాడు అడగలేదు. అడిగితే బాగుండేది. డెల్ బాబాయ్ రేపు తల పరీక్ష పెట్టే మెషీను దగ్గరికి రమ్మన్నాడు.

నవంబరు 5

బొమ్మలు, రంగులు, అంకెలు వెనక నుంచి చెప్పడం, మాటలు గుర్తుపెట్టుకోవడం. నలభై నిమిషాలు. నల్లద్దాలు తీసేసి, పళ్ళు బిగబట్టి, ఉన్న తెలివంతా పెట్టి రాశాను. ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఏ పరీక్షా రాయలేదు.

72.

డెల్ బాబాయ్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఆగస్టులో 71, ఇవాళ 72! దెబ్బ తగిలాక తెలివి పెరిగినవాణ్ణి నిన్నే చూశానురా ప్రొఫెసరూ!"

కోచ్ తొంగిచూసి, "ఇనప తల మనవాడిది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబరు 6

72.

నవంబరు 7

72. మధ్యాహ్నం అన్నం తినలేదు. కోపంతో కాదు. తిన్నాననుకున్నాను.

నవంబరు 8

సరే, రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

ఆగస్టులో, ఇంకా ఎవరికీ దెబ్బలు తగలకముందు, జట్టంతటికీ ఆ మెషీను పరీక్ష పెడతారు. సీజన్లో తలకి తగిలితే మళ్ళీ పెట్టి, ఆగస్టు మార్కుతో పోలుస్తారు. తగ్గితే ఆడనివ్వరు. అందుకని మావాళ్ళు ఆగస్టులోనే కావాలని తక్కువ తెచ్చుకుంటారు. నవంబరులో బుర్ర ఎంత చితికినా తేడా కనిపించదు. పెద్దవాళ్ళు కొత్తవాళ్ళకి షూ లేసు గట్టిగా కట్టుకోవడం నేర్పినట్టే ఇదీ నేర్పుతారు. మొదటి ఏడాది నాకెవరూ చెప్పలేదు, పళ్ళికిలించుకుని 97 తెచ్చుకున్నాను. బట్టలు మార్చుకునే గదిలో పడీపడీ నవ్వారు. "చదువుకున్న మొద్దు" అన్నారు. తర్వాత కొత్త మెషీను వచ్చింది, పాత మార్కులు అటక మీదికి పోయాయి.

ఒకటే ఇబ్బంది. మరీ తక్కువ తెచ్చుకుంటే మెషీను పసిగట్టి ఎర్రగీత పెడుతుంది. ప్రతి ఏడూ ఇద్దరో ముగ్గురో దొరికిపోయేవాళ్ళు. ఈ ఏడు ఆ ఇబ్బంది నేను తీర్చాను. ఏ భాగంలో ఎన్ని తప్పితే దొరకరో లెక్క కట్టి ఇచ్చాను. నాతో కలిపి పంతొమ్మిది మంది. ఒక్క ఎర్రగీత లేదు! నా థీసిస్ కన్నా ఆ లెక్కే ముద్దొచ్చింది నాకు. పోయిన ఏడు విద్యార్థుల నిజాయితీ సంఘంలో కూర్చుని, పక్కవాడి కాగితం చూసి రాసిన అమ్మాయిని ఒక టర్మ్ ఇంటికి పంపించినవాణ్ణి నేను. ఆ పిల్ల ఏడుస్తుంటే నీతులు కూడా చెప్పాను.

71 నేను చేసిన అబద్ధం. 72 నా నిజం. ఉన్నదంతా పెడితే వచ్చింది అంతే. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు.

ఇది రాశాక ముందు పేజీలు తిప్పాను. వెండెల్ కుర్చీ కథ రెండుసార్లు ఉంది. రెండోసారి రాసినట్టు గుర్తులేదు. మొదటిసారి రాసినట్టూ లేదు. భయమేసింది. ఇంత లావు మనిషిని, స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకుని కూర్చున్నాను.

నవంబరు 9

వెండెల్‌కి చెప్పాను.

"నీ సంగతి నువ్వు చెప్పుకో" అన్నాడు. "తలనొప్పి అను, పడుకో. నిన్ను ఎవడు కాదంటాడు? మా జోలికి రాకు."

"నీ మార్కు కూడా అబద్ధమేరా. రేపు నీకు తగిలినా బాబాయ్ నవ్వుతూ వీపు చరుస్తాడు."

"చరవనీ! సీనియర్ల రోజున, డబ్బిచ్చి ఆడించే పెద్ద జట్లవాళ్ళు నన్ను చూడ్డానికి వస్తున్నారు. నీకు ముందు డాక్టరేటు చదువు ఉంది. నాకేముంది, మా నాన్న టైర్ల కొట్టు."

"డాక్టరేటు ఉందో లేదో నాకే తెలీదురా ఇప్పుడు."

ఒక క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత పరుపు చుట్టుకుని భుజాన వేసుకున్నాడు. "నేర్పినవాడివి నువ్వు. ఇప్పుడు పట్టించేవాడివీ నువ్వేనా? ద్రోహివిరా" అని పక్క గదిలోకి పోయాడు.

మంచిది. పోతే పోయాడు. గురక తప్పింది.

నవంబరు 10

గురక లేకపోతే నిద్ర పట్టదని ఎవరికి తెలుసు.

నవంబరు 14

కోచ్ గదికి వెళ్ళాను. డెల్ బాబాయ్‌ని కూడా పిలిపించమన్నాను, కోచ్ పిలవలేదు. తలుపు వేసి, "కూర్చో కొడుకా" అన్నాడు. మొత్తం చెప్పాను.

"72 వచ్చింది. నువ్వు బాగున్నావని కాగితం చెబుతోంది. కాగితం కన్నా నీకెక్కువ తెలుసా? నువ్వు డాక్టరువా?"

"కాదు సార్, లెక్కలవాణ్ణి. తొంభై ఏడులోంచి డెబ్బై రెండు తీసేస్తే పాతిక. ఆ పాతిక ఎక్కడికి పోయింది?"

"మిగిలినవాళ్ళ పేర్లు చెప్పు."

"పేర్లు చెప్పను. అందరికీ మళ్ళీ పెట్టండి."

"మూడు రోజుల్లో? సంవత్సరానికంతటికీ పెద్ద ఆట ముందు? నీకు మతి పోయిందా?"

"ఇందాకట్నించీ నేను చెబుతున్నది అదే సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నెమ్మదిగా అన్నాడు, "శనివారం ఆడు. బహుమతి తీసుకో. మీ అమ్మతో నడువు. సోమవారం కూర్చుని మాట్లాడదాం. నువ్వంటే నాకు ఎంత ఇదో నీకు తెలుసు."

తెలుసు. నాన్న పోయినవాణ్ణి, నాలుగేళ్ళుగా ఆయన 'కొడుకా' అంటే పొంగిపోయినవాణ్ణి. "సోమవారానికి నా దగ్గర ఎంత మిగులుతుందో చెప్పండి, ఆడతాను" అన్నాను. లేచి వచ్చేశాను.

నవంబరు 16, శుక్రవారం

విందు. మూడువందల మంది, కాల్చిన కోడి, తెల్ల దుప్పట్లు వేసిన బల్లలు. అమ్మ ముందు బల్ల దగ్గర ఎర్ర టోపీతో. పొద్దున్నే బస్సు దిగగానే చెప్పాను. "పుట్టినరోజు మరిచిపోయినప్పుడే అనుకున్నా" అంది, నా తల రెండు చేతులా పట్టుకుని చిన్నప్పుడు పేలు చూసినట్టు చూసింది. "చెప్తావా అక్కడ?" అంది. చెప్తానన్నాను. "అయితే తిన్నాక చెప్పు. వాళ్ళు పెట్టాక తినకపోతే తప్పు" అంది.

ప్రిసిల్లా ఆ పేజీ చదివింది. "ఇంతవరకూ ఏ పరీక్షలోనూ తప్పలేదు" అనగానే అందరూ చప్పట్లు. నా చేతికి మైకు ఇచ్చారు.

"ఆ మాట కొట్టెయ్యండి" అన్నాను. "ఆగస్టులో ఒక పరీక్ష కావాలని తప్పాను. తప్పడం ఎలాగో లెక్క కట్టి పద్దెనిమిది మందికి నేర్పాను. వాళ్ళ తప్పు లేదు, లెక్క నాది. ఈ నెల అదే పరీక్ష ప్రాణం పెట్టి రాశాను. అదే మార్కు వచ్చింది. నా తల బాగోలేదు. రేపు ఆడను. మిగతావాళ్ళ తలలు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలీదు, తెలుసుకునేదాకా ఎవరూ ఆడకూడదు. ఈ బహుమతి చదువుకున్నవాడికి ఇచ్చేది. నేను చదువుకున్న మొద్దుని."

బహుమతి బల్ల మీద పెట్టేశాను. కోచ్ తన ప్లేటులోకే చూస్తున్నాడు. జట్టు కూర్చున్న బల్ల దగ్గర ఎవడో బూతు తిట్టాడు.

అప్పుడు డెల్ బాబాయ్ లేచాడు. నాలుగేళ్ళలో ఆయన పదిమందిలో మాట్లాడ్డం నేను చూడలేదు. "వీపులు చరిచి పంపించింది నేను" అన్నాడు. "రేపు పొద్దున ఆరింటికి నా గది తెరిచి ఉంటుంది. హెల్మెట్లన్నీ లోపల పెట్టి తాళం వేస్తున్నాను. సరిగ్గా పరీక్ష రాసినవాడికే హెల్మెట్ ఇస్తాను. కాదన్నవాళ్ళు ముందు నన్ను ఉద్యోగంలోంచి తియ్యండి."

జేబులోంచి తాళాల గుత్తి తీసుకుని బయటికి నడిచాడు.

నవంబరు 18, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

నేను పేర్లు చెప్పలేదు, బాబాయ్ అడగలేదు. పద్దెనిమిది మందీ వాళ్ళంతట వాళ్ళే వచ్చి నించున్నారట. పదిహేడు మందికి మార్కులు పెరిగాయి, హెల్మెట్లు ఇచ్చేశాడు. ఒకడికి ఆగస్టు అబద్ధం కన్నా తక్కువ వచ్చింది. డెస్మండ్‌కి. సెప్టెంబరు నుంచీ రెండు బంతులు కనిపిస్తున్నాయట వాడికి, నోరు విప్పలేదు వెధవ. నిన్న ఇద్దరం మామూలు కోట్లు వేసుకుని బెంచీ చివర కూర్చున్నాం. "నిన్ను చంపేద్దామనుకున్నా ప్రొఫెసరూ" అన్నాడు. "ఏ ప్రొఫెసర్ని? ఇద్దరు కనిపిస్తున్నానేమో చూసి చెప్పు" అన్నాను. నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు.

నా పేరు పిలిచారు. అమ్మ చెయ్యి పట్టుకుని నడిచాను. స్టేడియంలో సగం మంది 'బూ' అని గేలిగా అరిచారు. అమ్మ ఆగింది. టోపీ తీసి, ఆ అరిచేవైపు తిరిగి, గాలిలో ఊపుతూ, "నా కొడుకురా వీడు! ఇంకా గట్టిగా అరవండి, వినపడటం లేదు!" అని కేకేసింది. కోచ్ పువ్వు ఇచ్చాడు. నా మొహం చూడలేదు. చూడకపోతే మానె, నేను మాత్రం ఆయన మొహమే చూస్తూ నించున్నాను.

మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. నా బదులు ఆడినవాడు ఒకసారి బంతి క్వార్టర్‌బ్యాక్ తల మీదుగా విసిరేశాడు. ఊరంతా నన్నే తిడుతోంది, తిట్టనీ. ఆట అయ్యాక వెండెల్ బురద బట్టలతోనే వచ్చాడు. "నాకు 94 వచ్చింది" అన్నాడు. "అవతలివాణ్ణి పదకొండుసార్లు పడగొట్టాను. పెద్ద జట్లవాళ్ళు రాసుకున్నారు." ఇవాళ పొద్దున చూస్తే పరుపు మళ్ళీ గదిలో ఉంది.

ప్రొఫెసర్ ఓస్టర్‌హౌట్ ఫోను చేసింది. థీసిస్‌కి గడువు మే నెల, ఏ సంవత్సరం మే అన్నది తనిష్టం అంది. ట్యూబ్‌లైటు మార్పించిందట. మంగళవారం పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, డెల్ బాబాయ్ తనే కారులో తీసుకెళతానన్నాడు.

అమ్మ ఇప్పుడే వేడి టీ చేసి, నిమ్మకాయ పిండి నా పక్కన పెట్టింది. "ఏం రాస్తున్నావురా అంతసేపూ?" అంటోంది. పరీక్ష అన్నాను.

గొడుగు. వంతెన. గుర్రం. కొవ్వొత్తి.

అయిదోది ఉంది. ఈ పుస్తకంలోనే ముందు పేజీల్లో నా చేత్తోనే రాశాను. తిప్పితే దొరుకుతుంది. తిప్పను. ఈసారి చూసి రాసేది లేదు. అయిదుకి నాలుగు. నాలుగే వేసుకో బాబాయ్.